రంగు నడిగినవానికి రంగే దొరకును

ధాన్యము కొనువాడు గింజను పంట కొరికి తడి ఆరినదో లేదో చూచును. మిరప కొనువాడు కాయను గుప్పిట నొక్కి, విరిచి, లోపలి గింజల తీరు పరికించి, తాలుకాయ యెంత కలసినదో లెక్క కట్టును. దుగ్గిరాల పసుపు మార్కెట్టులో కొమ్మును విరిచి లోపలి వన్నె చూడనిదే బేరము సాగదు. బెల్లము కొనబోయిన గృహిణి చిన్న పలుకు నోట వేసికొని ఉప్పదనము తగులునేమో కనుగొనును. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల ప్రజలు ఇట్లు కంటితోను, ముక్కుతోను, నాలుకతోను సరకును పరీక్షించి కొనుటలో తరతరములుగా ఆరితేరినవారు.

అట్టివారే టీపొడి కొనునపుడు మాత్రము ఒక్క ప్రశ్నతో సరిపుచ్చుకొందురు. “ఏమండీ, రంగు బాగా దిగుద్దా?” అని అడుగుదురు. “చెంచాడు వేస్తే చాలండీ, డికాషన్ ఎర్రగా దిగుద్ది” అని కొట్టు యజమాని బదులు చెప్పును. అంతటితో బేరము ముగియును. పొట్లము విప్పి వాసన చూచువారు అరుదు. మచ్చు అడిగి ఇంట కాచి చూచి పిమ్మట కొనువారు మరింత అరుదు.

తెనాలి జంక్షనులో వేకువ బండికై వేచియుండు ప్రయాణికుడు, బాపట్ల వ్యవసాయ కళాశాల విద్యార్థి, రేపల్లె దిగువన నిజాంపట్నము రేవులో వల లాగి వచ్చు పల్లెకారుడు, ఊడ్పులకు పోవు కూలి, బడిలో రెండు గంటల పాఠము చెప్పి వచ్చిన ఉపాధ్యాయుడు, వీరందరికిని దినమునకు రెండుమార్లయినను టీ కావలెను. ఇంటింటి పద్దులో ఉప్పు పప్పుల సరసన చోటు సంపాదించుకొన్న వస్తువిది. ఇట్టి వస్తువును పరీక్షింపక కొనుట కేవలము సోమరితనము వలన వచ్చిన అలవాటు కాదు. దానికొక చరిత్ర కలదు. ఆ చరిత్ర బోధపడవలెనన్నచో ముందుగా తేయాకు పుట్టినింటి అంగడిని చూచి రావలెను.

చీనా అంగడి తీరు

దక్షిణ చీనాలోని గువాంగ్జౌ నగరమున, ముత్యాల నది యొడ్డున, ఫాంగ్‌త్సున్ అను పేట కలదు. గుంటూరు మిరప యార్డును చూచినవారికి దీని స్వరూపము నూహించుట కష్టము కాదు. గుంటూరులో మిర్చి టిక్కీలు ఎట్లు కొండలవలె పేర్చబడి యుండునో, ఇచట తేయాకు సంచులును, పెట్టెలును, డబ్బాలును అట్లే వీధుల నిండ కానవచ్చును. దుకాణములు వేలకొలది. చీనా దేశపు టోకు తేయాకు బజారులలో ఇదియే పెద్దదని ప్రసిద్ధి. బీజింగు నగరములో మాలియన్‌దావో అను వీధియు, యున్నాన్ రాష్ట్ర రాజధాని కున్మింగులోని బజారులును ఈ వ్యాపారమునకే పేరుపడినవి. సరకులు కొనుటకై గువాంగ్జౌ పోయి వచ్చు ఆంధ్ర వర్తకులకును, చీనా విశ్వవిద్యాలయములలో వైద్యవిద్య నభ్యసించిన తెలుగు విద్యార్థులకును ఇట్టి అంగళ్లలో అడుగిడు అవకాశము కలిగినది.

చీనాలో సాలుకు 300 కోట్ల కిలోలకు మించిన తేయాకు తయారగుచున్నది. భారతదేశపు ఉత్పత్తి 130 కోట్ల కిలోల పైచిలుకు. చీనావారు తేయాకును పచ్చది, తెల్లది, పసుపుది, ఊలాంగు, ఎర్రది, ముదురుది అని ఆరు తెగలుగా విభజింతురు. ఈ ఆరును ఆరు జాతుల చెట్ల నుండి వచ్చినవి కావు. అన్నియు ఒకే మొక్క ఆకులు. కోసిన ఆకును వెంటనే వేడిచేసి మగ్గకుండ ఆపినచో పచ్చ తేయాకు అగును. నలిపి పూర్తిగా మగ్గనిచ్చి ఆరబెట్టినచో ఎర్ర తేయాకు అగును. నడుమ నాపినచో ఊలాంగు అగును. ఇంగ్లీషువారు నల్ల టీ అనుదానినే చీనావారు ఎర్ర టీ అందురు. ఒకరు ఆకు రంగును చూచి పేరు పెట్టిరి, మరియొకరు నీటి రంగును చూచి పేరు పెట్టిరి.

ఈ అంగళ్లలో బేరము జరుగు తీరు గమనింపదగినది. దుకాణములోనికి వచ్చినవానిని మొదట కూర్చుండబెట్టుదురు. బల్లపై మూతగల చిన్న పింగాణి గిన్నె, చిట్టి గిన్నెలు, కాగుచున్న నీరు సిద్ధముగా నుండును. అంగడివాడు ఐదారు గ్రాముల ఆకును తీసి ముందుగా కొనువానికి చూపును. ఆకు విరిగినదా, నిండుగా నున్నదా, మొగ్గ యెంత కలదు, ధూళి యెంత కలదు అని కొనువాడు పరికించును. పిమ్మట ఆకు గిన్నెలో పడును. వేడి నీరు పోసి, కొన్ని రకములకు ఆ మొదటి నీటిని పారబోయుదురు. రెండవ నీటి నుండి రుచి చూచుట ప్రారంభమగును. మూతను తిరగవేసి దాని లోపలి వాసన చూతురు. అదే ఆకునకు మూడు, నాలుగు, ఐదు మార్లు నీరు పోసి, మొదటి గుటక గుణము చివరి వరకు నిలుచునో లేదో కనుగొందురు.

ఇంతటితో పరీక్ష ముగియదు. త్రాగుట యైన పిమ్మట గిన్నె అడుగున మిగిలిన తడియాకును వ్రేళ్లతో విప్పి చూతురు. ఎండియున్నపుడు ముడుచుకొని దాచుకొన్న రహస్యములన్నియు నీటిలో నానినపుడు ఆకు వెల్లడించును. లేతాకో ముదురాకో, ఒకే కోతదో పలు కోతల కలగలుపో, కాడలెన్ని కలిసినవో అంతయు కంటికి కనబడును. ఎండు ఆకు అబద్ధమాడ వచ్చును గాని తడియాకు ఆడజాలదు. రుచి చూచినంత మాత్రమున కొని తీరవలెనను నిర్బంధము లేదు. అనుభవజ్ఞులైనవారు ఒకే రకమును రెండు మూడు ధరలలో ప్రక్కప్రక్కన కాయించి పోల్చి చూతురు. కొద్దిపాటి మచ్చు ఇంటికి గొనిపోయి, తాము నిత్యము వాడు నీటితో కాచి, మరునాడు వచ్చి బేరము చేయుదురు.

క్రొత్తవారు తెలిసికొనవలసిన చిన్న మెలకువ యొకటి కలదు. అచట ధర కిలో లెక్కన చెప్పరు. ‘జిన్’ అను తూనిక లెక్కన చెప్పుదురు. జిన్ అనగా 500 గ్రాములు. దీనిని కిలో యనుకొన్నవాడు ధరను సగముగా భ్రమించును. యున్నాన్ రాష్ట్రపు పూ-అర్ తేయాకును బిళ్లలుగా అదిమి అమ్ముదురు. సంప్రదాయపు బిళ్ల తూకము 357 గ్రాములు. ఏడు బిళ్లలు కట్టగా కట్టినచో సుమారు రెండున్నర కిలోలగును.

అచటి మోసములు అచటివి

చీనా అంగడి యంతయు ధర్మక్షేత్రమని తలచుట పొరబాటు. హాంగ్జౌ నగరమునందలి పశ్చిమ సరస్సు పరిసరములలో పండు లుంగ్‌జింగ్ తేయాకునకు గొప్ప పేరు కలదు. ఏప్రిల్ మొదటి వారములో వచ్చు చింగ్‌మింగ్ అను పితృదేవతల పండుగకు ముందు కోసిన చిగురుటాకు మిక్కిలి ప్రియము. అందుచేత ఇతర ప్రాంతముల ఆకును ఆ సరస్సు పేరుతోను, ఆలస్యముగా కోసిన ఆకును పండుగకు ముందటి ఆకను పేరుతోను అమ్మువారు పెక్కుమంది. పేరున్న చోటనే నకిలీ పుట్టును గదా!

మరియొక ప్రమాదము జూదము. పూ-అర్ తేయాకు ఏండ్లు గడచిన కొలది గుణము పెరుగునని ప్రతీతి. ఇది కారణముగా కొందరు దానిని త్రాగుటకు గాక దాచి అమ్ముటకు కొనసాగిరి. 2007 వసంతమువరకు ధరలు ఆకాశము నంటినవి. ఆ ఏడే ఒక్కసారిగా కూలినవి. పొదుపు సొమ్మంతయు బిళ్లలుగా మార్చుకొన్నవారు ఇంటినిండ తేయాకుతో మిగిలిపోయిరి. శీతల గిడ్డంగులలో మిరపను, గోదాములలో పసుపును ధరకై దాచి, కాలము ఎదురు తిరిగినపుడు చేతులు కాల్చుకొన్న రైతులును వర్తకులును ఉన్న గుంటూరు సీమకు ఈ కథ క్రొత్తది కాదు. త్రాగువాని నాలుకను విడిచి ధరల పట్టికను నమ్మినపుడు తేయాకు తేయాకుగా మిగులదు.

అయినను ఒక భేదము గుర్తింపవలెను. ఈ మోసములన్నియు కొనువాడు రుచి చూడగల అంగడిలో జరుగు మోసములు. వానిని పట్టుకొనుటకు సాధనము కొనువాని చేతిలోనే, ఎదుటనున్న గిన్నెలోనే కలదు. ఆ గిన్నె లేని చోట, కన్ను ఒక్కటే సాక్షియైన చోట, ఏమి జరుగునో నూట డెబ్బది యేండ్లకు పూర్వమే ప్రపంచమునకు తెలిసివచ్చినది.

నీలి రంగు కథ

1757 మొదలు 1842 వరకు ఐరోపా వర్తకులు చీనాలో వ్యాపారము చేసికొనుటకు అనుమతింపబడిన రేవు గువాంగ్జౌ యొక్కటే. నాటి ఇంగ్లీషువారు దానిని కాంటన్ అనిరి. తేయాకును నేరుగా తోటలకు పోయి చూచు అవకాశము వారికి లేదు. ఆకు ఎట్లు పండునో, ఎట్లు తయారగునో తెలియదు. పచ్చ తేయాకు ఒక మొక్కనుండి, నల్ల తేయాకు మరియొక మొక్కనుండి వచ్చునని ఐరోపావారు చిరకాలము నమ్మిరి.

1848లో ఈస్టిండియా కంపెనీవారు రాబర్టు ఫార్చ్యూన్ అను స్కాట్లండు వృక్షశాస్త్రజ్ఞుని తేయాకు మొక్కలను విత్తనములను సంగ్రహించి తెచ్చుటకై చీనాకు పంపిరి. ఆయన చీనా వేషము ధరించి విదేశీయులకు నిషిద్ధమైన లోతట్టు సీమలలో సంచరించెను. రెండు రకముల టీలును ఒకే జాతి మొక్కనుండి వచ్చునని నిర్ధారించిన వాడాయనయే. పచ్చ తేయాకు తయారగుచోట ఆయన కంటబడిన దృశ్యము మరింత ఆశ్చర్యకరము. పనివారు ప్రష్యన్ బ్లూ అను నీలి రంగును, జిప్సము పొడిని కలిపి, వేగుచున్న ఆకుపై చల్లి కలియబెట్టుచుండిరి. వారి చేతులు నీలముగా మారియుండెను. విదేశములకు పోవు ఇట్టి ఆకు నూరు పౌనులు త్రాగినవాడు అర పౌనుకు మించిన రంగును జిప్సమును మ్రింగుచున్నాడని ఫార్చ్యూన్ లెక్క కట్టెను.

చీనావారు తాము ఈ రంగు వేసిన ఆకును త్రాగలేదు. అది కేవలము విదేశీయుల కొరకు తయారైన సరకు. దూరదేశపు కొనుగోలుదారునికి పచ్చ టీ మరింత పచ్చగా, ఒకే వన్నెగా కనబడవలెను. వాడు కోరినది రంగు గనుక వానికి రంగునే అమ్మిరి. ఫార్చ్యూన్ పంపిన ఆ రంగుల మచ్చులు 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమున ప్రజల యెదుట ఉంచబడినవి. పచ్చ టీని విడిచి నల్ల టీకి ఇంగ్లీషువారు మరలుటకు గల కారణములలో ఈ భయమొకటి.

ఇచట గ్రహింపవలసిన సత్యము ఒక జాతి నీతికి సంబంధించినది కాదు. అమ్మువాడు చీనావాడైనను, ఆంగ్లేయుడైనను, ఆంధ్రుడైనను, కొనువాడు దేనిని చూచి డబ్బిచ్చునో దానినే సమకూర్చును. రుచి చూచి కొనువానికి రుచియే చూపవలెను. రంగు చూచి కొనువానికి రంగు చాలును.

తెలుగు తీరమునకు తేయాకు

చీనా సరకులు తెలుగు తీరమునకు క్రొత్తవి కావు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున కాకతి గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయమొసగుచు శాసనము వేయించెను. అందు చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పట్టు, మిరియములు మొదలగువానిపై సుంకములు నిర్ణయింపబడినవి. తేయాకు ప్రసక్తి లేదు. రేపల్లెకు దిగువనున్న నిజాంపట్నమును నాటి ఐరోపావారు పెటపోలి అనిరి. 1606లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును అచట వర్తకస్థానములు నెలకొల్పుకొనిరి. సుమారు 1610లో తేయాకును మొదట ఐరోపాకు చేర్చినవారు ఈ డచ్చివారే.

పేరు కూడ ఓడలోనే ప్రయాణము చేసినది. చీనా లిపిలో తేయాకునకు అక్షరమొక్కటే గాని పలుకుబడులు రెండు. పెక్కు ప్రాంతములవారు ‘చా’ అందురు. ఫూజియన్ తీరమువారు ‘తే’ అందురు. ఆ తీరపు వర్తకుల వలన డచ్చివారికి ‘తే’ అలవడి, దాని నుండి ఇంగ్లీషు ‘టీ’ వచ్చినది. భూమార్గమున పారసీకము మీదుగా వచ్చినది ‘చాయ్’. హైదరాబాదువాడు చాయ్ అనినను, తెనాలివాడు టీ అనినను, నిఘంటువులో తేయాకు అనినను ఆ మూడు మాటలకును మూలము చీనాలోని ఆ యొక్క అక్షరమే.

అయితే పేరు వచ్చినంత సులభముగా పానీయము రాలేదు. 1823లో రాబర్టు బ్రూస్ అస్సాములో సింగ్‌ఫో జాతివారి వలన అడవి తేయాకు ఉనికిని తెలిసికొనెను. అస్సాము తేయాకు 1839 జనవరిలో లండను వేలములో మొదటిసారిగా అమ్ముడుపోయినది. 1861 డిసెంబరు 27న కలకత్తాలో వేలములు ప్రారంభమైనవి. గంజాము, విశాఖపట్టణ ప్రాంతముల నుండి తెలుగు కుటుంబములు అస్సాము తోటలకు కూలికి పోయినవి. వారి సంతతి నేటికిని అచట కలదు. తెలుగువాడు టీ త్రాగుట నేర్వకమునుపే తెలుగు చేతులు ఆకు కోయుట నేర్చినవి. పండిన ఆకులో అధికభాగము అపుడు సముద్రము దాటిపోయెడిది.

స్వదేశమున టీ అలవాటు చేయుటకు ప్రచారము అవసరమైనది. 1903లో తేయాకుపై ప్రత్యేకపు పన్ను విధించి ఆ సొమ్ముతో ప్రచారము ప్రారంభించిరి. 1930 ప్రాంతముల ప్రపంచ మాంద్యములో విదేశపు ధరలు పడిపోగా ఈ ప్రయత్నము తీవ్రమైనది. ప్రచారకులు ఊరూర తిరిగి, రైలుస్టేషన్లలోను సంతలలోను టీ కాచు విధానము చూపి, ఉచితముగా పోసి రుచి చూపిరి. సామాన్యుడు ముందు రుచి చూచి పిమ్మట టీ కొనిన కాలము అదియొక్కటే అనవచ్చును. అలవాటు స్థిరపడిన పిమ్మట ఉచితపు గిన్నె మాయమై, దాని స్థానమున రంగుల అట్టపొట్లము నిలిచినది.

ఆకు పొడియైన విధము

1930లో అస్సాములోని ఆంగురి తోటలో విలియం మెకర్చర్ అను అధికారి ఒక యంత్రమును కనిపెట్టెను. పదునైన పండ్లుగల రెండు రోలర్ల నడుమ ఆకు నలిగి, చిరిగి, ఉండలుగా చుట్టుకొని వెలికి వచ్చును. ఇంగ్లీషు మాటల మొదటి అక్షరములను బట్టి దీనిని సి.టి.సి. అందురు. ఈ పద్ధతిలో తయారైన టీ శీఘ్రముగా దిగును. పాలలోను చక్కెరలోను దాని బలము నిలుచును. కిలోకు ఎక్కువ గిన్నెలు వచ్చును. స్వాతంత్ర్యానంతరము ఇది దేశమంతట వ్యాపించి, నేడు భారతదేశపు తేయాకులో పదింట ఎనిమిది వంతులకు మించినదైనది.

ఈ యంత్రము నుండి వచ్చిన సరకును జల్లెడ పట్టి పరిమాణమును బట్టి తెగలుగా విభజింతురు. మిక్కిలి సన్ననిది డస్టు. దక్షిణ దేశమున దీనికే ఆదరము మెండు. డస్టు అనగా తోటలో ఊడ్చిన దుమ్ము అని పెక్కుమంది యనుకొందురు. అది నిజము కాదు. అది పరిమాణమును తెలుపు పేరే గాని గుణమును తెలుపు పేరు కాదు. మంచి తోటలో మంచి ఆకుతో చేసిన డస్టు, చెడ్డ ఆకుతో చేసిన పెద్ద పలుకు కంటె మేలైనది. పాలు పోసి కాచుకొను అలవాటు గలవారు దానిని వాడుటలో తప్పు లేదు.

చిక్కు మరియొకచోట నున్నది. చీనా అంగడిలో తడియాకును విప్పి చూచి పలుకగల కన్ను, ఈ పొడి ముందు అసహాయమగును. పొడిలో ముదురాకు, లేతాకు, కాడ ఒకే రూపము దాల్చును. ఒకమారు కాచి పారవేసిన పిప్పిని ఎండబెట్టి, రంగు పట్టించి కలిపినను కన్ను కనుగొనలేదు. మినపపొట్టు, చింతపిక్కల పొట్టు, జీడిపిక్కల పొట్టు కూడ టీపొడిలో కల్తీకి వాడబడునవే. ఇట్టి సరకునకు కావలసినది ఒక్కటే, రంగు. “రంగు బాగా దిగుద్దా?” అను ప్రశ్నకు తృప్తికరమైన సమాధానము చెప్పగలది మంచి టీ కాదు, రంగు కలిపిన టీ.

ఇందొక విడ్డూరము కలదు. కూనూరు, కొచ్చిన్, కోయంబత్తూరు, కలకత్తా, గౌహతి, సిలిగురి వేలములలో నేటికిని రుచి చూడనిదే బేరము లేదు. వేలము యంత్రముల మీదుగా సాగుచున్నను, ముందుగా మచ్చులు పంపబడును. వరుసగా గిన్నెలు పేర్చి, ఒక్కొక్క మచ్చును నోట పుక్కిలించి ఉమిసి, దాని గుణమును నిర్ణయింతురు. తోటవాడు రుచి చూచును. దళారి రుచి చూచును. పొట్లముల కంపెనీవాడు రుచి చూచును. త్రాగబోవువాడొక్కడే చూడడు.

ఇంట చేయదగిన పరీక్షలు

చట్టము లేకపోలేదు. 1954లో కల్తీ నిరోధక చట్టము వచ్చినది. దాని స్థానమున 2006 నాటి ఆహార భద్రతా చట్టము అమలులోనికి వచ్చినది. టీపొడిలో కృత్రిమ రంగు కలుపుట నేరము. కాని అధికారి వచ్చి ప్రతి పొట్లమును పరీక్షింపలేడు. ఉన్నత పాఠశాల విద్యార్థి చేయగల పరీక్షలు కొన్ని కలవు. వీనికి పెద్ద పరికరములు అక్కరలేదు.

మొదటిది చల్లని నీటి పరీక్ష. గాజుగ్లాసులో చల్లని నీరు పోసి చిటికెడు పొడి పైన చల్లవలెను. స్వచ్ఛమైన టీ చల్లని నీటిలో మెల్లగా రంగు విడుచును. రంగు పట్టించిన పొడి నీటిని తాకినంతనే ఎర్రని చారలుగా దిగును.

రెండవది కాగితపు పరీక్ష. వడపోత కాగితముపై గాని, తెల్లని అద్దుడు కాగితముపై గాని పొడిని పరచి, నీటి తుంపరలతో తడిపి, కొంతసేపైన పిమ్మట పొడిని తొలగించి కాగితమును నీటిలో కడిగి వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలెను. మంచి టీ మరక మిగుల్చదు. వాడిన పిప్పికి రంగు వేసిన పొడి నలుపు కలసిన గోధుమవన్నె మరకలు మిగుల్చును.

మూడవది అయస్కాంత పరీక్ష. గాజుపలకపై పొడిని పలుచగా పరచి అయస్కాంతమును మెల్లగా పైన త్రిప్పవలెను. ఇనుప రజను ఉన్నచో దానికి అంటుకొనును. రోలర్ల పండ్లు అరిగినపుడు కొద్దిపాటి ఇనుము సహజముగనే కలియును. అందుచేత కిలోకు 250 మిల్లీగ్రాముల వరకు చట్టము సహించును. అయస్కాంతము నిండ అంటుకొనినచో అది సహజముగా కలసినది కాదు.

నాలుగవది నాలుక పరీక్ష. ఇదియే అన్నిటికంటె ముఖ్యమైనది. అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము ప్రతి 100 మిల్లీలీటర్ల మరుగు నీటికి 2 గ్రాముల టీ వేసి 6 నిమిషములు మూతపెట్టి ఉంచవలెను. రెండు రకములను ఒకే నీటితో, ఒకే కొలతతో, ఒకే కాలములో కాచి, పాలు చక్కెరలు లేకుండ ప్రక్కప్రక్కన రుచి చూడవలెను. మంచి టీ నీరు ముదురుగా నున్నను గిన్నె అంచున తళతళలాడును. నోట చురుకుదనము తోచును. దీనికి కారణము థియాఫ్లేవిన్ అను పదార్థములు. ముదురు ఎరుపునకు కారణము థియారూబిజిన్ అనునవి. కలిపిన రంగు ఎరుపును మాత్రమే అనుకరింపగలదు. తళుకును, చురుకుదనమును అనుకరింపజాలదు. అందుచేతనే ఎరుపు చూచి మోసపోయిన కన్నును నాలుక సరిదిద్దును.

లెక్క చూచినచో

మంచి టీ ఖరీదైనదని, బీదవాడు రంగు టీతోనే తృప్తిపడవలెనని యెవరైన అనవచ్చును. ఈ వాదము లెక్కకు నిలువదు. గిన్నెకు 2 గ్రాముల చొప్పున కిలో టీపొడి 500 గిన్నెలకు వచ్చును. కిలోకు 100 రూపాయలు ఎక్కువ పెట్టి మేలైన పొడి కొనినను గిన్నెకు పెరుగు ఖర్చు 20 పైసలు. దినమునకు పది గిన్నెలు కాచు కుటుంబమునకు నెలకు 60 రూపాయలు అదనము. రంగు కలిపిన పొడిలో పిప్పియు పొట్టును కొంతభాగమైనపుడు అది చౌక కూడ కాదు. ఆ భాగమునకు చెల్లించిన సొమ్ము వట్టి పొట్టునకు చెల్లించినదే.

బాపట్లలో 1945 నుండి వ్యవసాయ కళాశాల కలదు. ఆహార శాస్త్ర విద్యకు ప్రత్యేక కళాశాలయు కలదు. రుచిని, వాసనను, వన్నెను క్రమపద్ధతిలో కొలుచుట అచటి పాఠ్యాంశములలోనిది. ఆ విద్య కళాశాల ఆవరణము దాటి తెనాలి, రేపల్లె పాఠశాలలకు చేరినచో మేలు. ఒక అయస్కాంతము, నాలుగు అద్దుడు కాగితములు, రెండు గాజుగ్లాసులు, బజారులో కొన్న మూడు రకముల పొడి ఉన్నచో ఒక్క పీరియడులో రసాయన శాస్త్రము, చరిత్ర, లెక్కలు మూడును బోధింపవచ్చును. ఆ పాఠమును విద్యార్థి ఆ సాయంత్రమే ఇంటికి గొనిపోవును. వంటింటిలో తల్లికి చూపును. అటులనుండి అది కొట్టు మెట్లెక్కును.

కొట్టు యజమానిని దోషిగా నిలబెట్టనక్కరలేదు. ఆయనకు సరకు ఇచ్చినది టోకు వర్తకుడు. ఏది బాగుగ అమ్ముడుపోవునో ఆయన దానినే తెప్పించును. పదిమంది రంగు నడిగినచో రంగు తెప్పించును. పదిమంది మచ్చు అడిగినచో మచ్చు నిలుపగల సరకునే తెప్పింపక తప్పదు. ఫాంగ్‌త్సున్ అంగడిలోని చిట్టి గిన్నె వర్తకుని దయ వలన వచ్చినది కాదు. రుచి చూడనిదే కొనని జనము చిరకాలముగా ఎదుట కూర్చుండుట వలన అది బల్లపై నిలిచినది.

పసుపుకొమ్మును విరువకుండ కొనని చేయి, మిరపకాయను నొక్కకుండ కొనని చేయి టీపొడి దగ్గర కూడ ఆ నేర్పును చూపవలెను. నూరు గ్రాముల మచ్చు కొని, ఇంట రెండు గ్లాసులలో కాచి చూచి, నచ్చినదానిని మరునాడు కిలోగా కొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.